రేడియోలో అన్నయ్య గొంతు

రష్యాలోని పెర్మ్ నగరంలో మంచు కురుస్తున్న మధ్యాహ్నం. వంటింటి రేడియోలో 1987 నాటి సింథసైజర్ పాట మొదలవగానే తల్లి పొయ్యి కట్టేసి కూర్చుంది. రికార్డు మీద పేరు, అఫ్ఘాన్ యుద్ధంలో పోయిన పెద్దకొడుకు వాదిమ్‌ది. చిన్నవాడు గ్లెబ్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, ఒక్కమాట."

"పాట అయ్యాక చెప్పరా. అన్నయ్య పాడుతున్నాడు."

"అన్నయ్య కాదమ్మా. తను పాడిన టేపు పాడైపోయింది. తను పోయాక స్టూడియోవాళ్ళు నాచేత పాడించి, పేరు మాత్రం అన్నయ్యదే ఉంచారు."

ఆమె రేడియో కట్టెయ్యలేదు.

"రేపు టీవీవాళ్ళు వస్తున్నారు. ఈ కాలం కుర్రకారు కూడా ఈ పాటకే ఊగిపోతున్నారట. నిజం చెప్పేస్తానమ్మా. ఇక మొయ్యలేను."

"నాకు తెలుసురా."

"ఎప్పట్నుంచి?"

"మొదటిసారి విన్నప్పట్నుంచి. కన్నదాన్ని, మీ ఇద్దరి గొంతులూ పోల్చుకోలేనా?"

"మరి ప్రతిసారీ అన్నయ్యేనని ఏడ్చేదానివి కదా!"

"ఊరంతా వాడే అంటుంటే, పాట అయ్యేదాకా నాకూ వాడే అనిపించేది. సీలు వేసిన శవపేటిక పంపారు, మొహమైనా చూడనివ్వలేదు. ఆ పేరు కూడా తీసేస్తావా?"

గ్లెబ్ తల దించుకున్నాడు. పాట అయిపోయింది.

"బాగా పాడావురా," అంది తల్లి. "ఇన్నేళ్ళూ నీతో ఆ మాట అనలేకపోయాను. ఇవాళ అన్నాను కదా. టీవీవాళ్ళకి మాత్రం చెప్పకు."