మంచి కబురు ముందు మూడో కౌంటరులో

1971 ఆగస్టు 9, సోమవారం ఉదయం, మన బ్యాంకు రామచంద్రపురం శాఖలో గుమాస్తాగా శ్రీమతి వీరవేణి గారు తొలి సంతకం చేశారు. తండ్రి గతించాక ఆమెను డిగ్రీ వరకు చదివించిన మేనమామ, మండపేట రైసుమిల్లు మెకానిక్ సత్తియ్య గారు, ఆనాడు సాయంత్రం దాకా గేటు బయటే కాపుకాశారు.

తదనంతరం యానాం శాఖలో ఆరేళ్ళు పనిచేసి, సాయంకాలపు బస్సులో తాగి తూలిపడే తోటి ప్రయాణికులను సైతం "కూర్చోండి బాబూ" అని అదుపులో పెట్టిన ఓర్పు వారిది. 1990లో మండపేట శాఖకు వచ్చి మూడో కౌంటరును అలంకరించారు. కంప్యూటర్లు వచ్చినప్పుడు మనలో సగం మందికి జ్వరం వస్తే, నలభై ఎనిమిదేళ్ళ వయసులో వారు ముందుగా నేర్చుకుని మనకు నేర్పారు.

2008 కార్తీకంలో ఒకనాడు సత్తియ్య గారు బ్యాంకుకు వచ్చి ఒకటో కౌంటరు వరుసలో నిలబడ్డారు. పద్దెనిమిదేళ్ళలో మేనకోడలి వరుస తప్ప ఎరగని మనిషి! కంటి ఆపరేషనుకు దాచుకున్న డిపాజిట్ తీసి, ఎవరో ముక్కూ మొహం తెలియనివారి ఖాతాకు పంపాలన్నారు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు, సెల్‌ఫోనుకు విదేశీ లాటరీ తగిలిందని మెసేజ్ వచ్చిందట. నెట్ సెంటరులో జవాబు రాయిస్తే, ముందు రుసుము కట్టాలనీ, ఎవరికీ చెప్పవద్దనీ ఉత్తరం వచ్చిందట. సంబంధం కుదిరినా, కోడలు నీళ్ళోసుకున్నా, దిష్టి తగులుతుందని ఖాయమయ్యేదాకా పెదవి విప్పని ఇళ్ళు మనవి. అందుచేత ఆ షరతు ఆయనకు మోసగాడి ఎత్తులా కాక, పెద్దల మాటలా వినిపించింది.

ఓర్పుకు పేరుపడ్డ వీరవేణి గారు ఆనాడు మాత్రం తొందరపడ్డారు. మూడో కౌంటరు నుంచి ఆ మాటలు విని, ఇది పచ్చి మోసమని అందరిలో గట్టిగా అనేశారు. సత్తియ్య గారి ముఖం నల్లబడింది. తన సొమ్ము తన ఇష్టమని కాగితాలు తీసుకుని, వేరే బ్యాంకు ద్వారానైనా పంపుతానని గుమ్మం దాకా వెళ్ళారు. ఆ నాలుగు అడుగుల్లో వీరవేణి గారి ప్రాణం పోయినంత పనయింది. కౌంటరు మూసి, క్యారేజీ పట్టుకుని వెళ్ళి, ఆకలేస్తోందని చెప్పి ఆయనను బల్లమీద కూర్చోబెట్టారు. ఇద్దరూ మజ్జిగన్నం, మాగాయ తింటూ కూర్చున్నారు. మోసం మాట మళ్ళీ ఎత్తలేదు.

"మావయ్యా, టికెట్ ఎక్కడ కొన్నావు?" అని మాత్రం అడిగారు.

ఆయన కలుపుతున్న ముద్దను తిరిగి క్యారేజీలో పెట్టేశారు.

"కొనలేదే అమ్మడూ," అన్నారు. "చేతికొచ్చాక ముందు నీకే చెబుదామనుకున్నాను."

వీరవేణి గారికి కన్నీళ్ళు ఆగలేదు.

మర్నాడు మూడో కౌంటరు అద్దానికి వారి దస్తూరీతో ఒక అట్ట వెలిసింది: "మంచి కబురు వస్తే ముందు ఇక్కడ చెప్పండి. దిష్టి పెట్టను." పెన్షన్ రోజుల్లో సత్తియ్య గారు అదే బల్లమీద కూర్చుని, ఆపరేషనయిన కంటితో ఆ అట్ట చదివి వినిపిస్తూ, తన కథ తోటి వృద్ధులకు చెబుతారు. ఇంతటి సంగతి ఈ వీడ్కోలు పత్రంలో రాయమన్నదీ వారే; పరువు పోతే పోయింది, పదిమంది సొమ్ము నిలుస్తుందన్నారు.

2009 జూన్ 30న వీరవేణి గారు పదవీ విరమణ చేస్తున్నారు. అట్ట మాత్రం తీయవద్దని మనందరినీ అడిగారు; తీయము. వారికి చెప్పవలసిన మంచి కబురు మాకూ ఒకటుంది. దిష్టికి వెరచి దాచుకోకుండా, మేనమామ గారు వింటుండగా, ముందుగా మూడో కౌంటరులోనే చెబుతున్నాం: మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు ఉంటారమ్మా.