కాన్వెంటు వరండాలో పట్టుపురుగులు

"అవ్వా, కెలవరపల్లి దారిలో పెంకులు రాలిపోయిన కాన్వెంటు ఉంది కదా, అమ్మ ఆడనే చదివిందా?"

ఆడనే. చదువుకున్నది మీ అమ్మ, నేను కాదు. చదువు సంగతి నాకు తెలీదు, బడి సంగతి అడుగు, చెప్తాను. ఆ అనపకాయలు ఇట్ల జరుపు, ఒలుస్తా చెప్తాను.

ఇప్పుడంటే ఆడ మేకలు, తొండలు. అప్పుడు ముగ్గురు సిస్టర్లు ఉండిరి. పెద్ద సిస్టరు మంగళూరు మనిషి, శానా మంచిది. తెలుగు మన పక్కింటి మునెమ్మ దగ్గర నేర్చుకున్నాది. అందుకే ఆమె నోట సగం తెలుగు, సగం తిట్లు. అవి తిట్లని పాపం ఆమెకు తెలీదు, పిల్లోళ్ళను ముద్దుగా పిలిచేది. మునెమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, మనకెందుకని.

ఏం చెప్తా ఉంటిని? ఆఁ, బడి. ఎనిమిదో క్లాసు దాకా ఉండె. మీ అమ్మ పద్మ అప్పుడు ఏడు చదువుతా ఉండె. కాదు కాదు, ఆరు. ఆరే, ఆ యేడే కదా మీ తాత కొత్త సైకిలు కొని బావిలో పడింది. సైకిలు పడింది, ఆయన పడలేదు. ఆయన పడినట్టే ఏడ్చినాడు అనుకో.

మా మామ ఉండె కదా, మీ ముత్తాత, ఆయన మాట ఒకటే. "ఈడ ఊర్లో బడి ఉంది, చదవనీ. ఈ బడి లేకపోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది. ఆడపిల్లను బస్సెక్కించి హోసూరుకు పంపేది నా ఇంట్లో లేదు" అని. బస్సు చార్జీ ముప్పావలా. ఆయన బాధ దానికి కాదులే. ఆయనే ఎప్పుడూ బస్సెక్కలేదు, ఎక్కితే వాంతులు. ఆ మాట చెప్పకుండా గౌరవం, గౌరవం అనేవాడు.

బడి ఉంటే పద్మ చదువుతుంది, లేకపోతే రెండేళ్ళలో పెండ్లి. నాకు అంతే తెలుసు.

ఆ బడికి మనమే ఎసరు పెడతా ఉంటిమి. ఊరంతా పట్టుపురుగుల పని కదా. నీకు తెలుసు కదా... నీకేం తెలుసు, నువ్వు పట్టుచీరనే చూసినావు. పురుగు పెద్దదైనాక, కడాపటి వారం, రాత్రీ పగలూ మేస్తుంది. మల్బరీ ఆకు కోసేదానికి ఇంట్లో చేతులు చాలవు. పిల్లోళ్ళంతా తోటలోనే. బడిలో ముగ్గురు సిస్టర్లు, వాళ్ళ కుక్క. ప్రతి పంటకూ ఇంతే. హాజరు పట్టీ చూసిన బెంగళూరు పెద్ద మదరు, "పిల్లలు లేని బడి ఎందుకు, మూసేద్దాం, నేనే వచ్చి చూస్తాను" అని జాబు రాసిందంట. ఆ జాబు మన పోస్టుమాను టీ అంగట్లో పెట్టి మరిచిపోయినాడు. టీ అంగడోడు దాని మీద బోండాలు పెట్టినాడు. సిస్టరు చేతికి పోనేలేదు.

అదే సమయానికి మా పురుగు పండింది. పండిన పురుగును వెదురు తట్టల మీద వదిలితే అది గూడు కట్టుకుంటుంది. ఆ తట్టలను చంద్రికలు అంటాము. వదిలినామో లేదో, ముసురు పట్టుకున్నాది. తడి తగిలితే గూడు పాడు. మా ఇండ్లు ఒక్కటి కురవనిది లేదు. అంతకు ముందు యేడే మీ తాత కప్పు బాగు చేసినాడు. ముందు ఒక తావునే కారేది, ఆయన బాగు చేసినాక ఆరు తావుల్లో కారింది. పెద్ద సిస్టరు చూసి, "తెచ్చి బడిలో పెట్టండి" అన్నాది. ఊరి చంద్రికలన్నీ ఆ పొడుగు వరండాలో, పెద్ద గదిలో నిలబెట్టినాము.

చీమలు రాకుండా, బల్లులు రాకుండా కాపలా ఉండాల కదా. ఇంటింటి పిల్లోళ్ళను ఆడ కూర్చోబెట్టినాము. నోరు తెరిస్తే పురుగు గూడు కట్టదని చెప్పి పెట్టినాము, మా అత్త కాలం నుంచి అదే మాట. నేను మెట్ల దగ్గర బ్లీచింగు నీళ్ళ తొట్టి పెట్టుకుని కూర్చున్నాను. కాళ్ళు కడగనిదే ఎవరినీ లోపలికి వదిలేది లేదు.

రెండో రోజు పొద్దున ఒక జీపు వచ్చింది. సిస్టరు మాదిరే గుడ్డలు, కండ్లద్దాలు, ఇంత పొడుగు మనిషి. నేరుగా మెట్లెక్కుతా ఉంది.

"ఆగమ్మా," అన్నాను. "పొద్దున చేపలు తిన్నారా? ఆ వాసన పురుగుకు పడదు."

ఆమె నిలబడిపోయింది. "నేనెవరో తెలుసా నీకు?"

"ఎవరైనా సరే. పురుగు కాడికి కాళ్ళు కడగందే పోకూడదు. నిన్న మా మామనే గడప బయట నిలబెట్టినాను."

లోపల నుంచి పెద్ద సిస్టరు పరుగున వచ్చింది. "మదర్!" అన్నాది. ఆమె మొహం సున్నం కొట్టిన గోడ మాదిరి అయిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. పిల్లోళ్ళు రాకపోతే పెద్ద మదరు బడి మూసేస్తుందని సిస్టరు ఎప్పుడూ అంటా ఉండె. అయిపాయె, మూసేస్తుంది, నా చేతులారా నా బిడ్డ చదువు మూయించినాను అనుకున్నాను. మొక్కుకుందామంటే ఏ దేవుడికి మొక్కేది? తిరుపతి ఎంకన్నకు ఆ బడితో ఏం పని? వాళ్ళ దేవుడు నన్నెరగడు.

మదరు చెప్పులు విడిచి, తొట్టిలో కాళ్ళు కడిగి, లోపలికి పోయింది.

వెనకే నేనూ పోయి చూస్తే బడి నిండా పిల్లోళ్ళు. పట్టీలో పేరు లేనోళ్ళు కూడా ఉండిరి. గుండుసూది పడితే వినపడుతుంది. మదరు మీ అమ్మ దగ్గర వంగి, "మీ బడిలో ఎప్పుడూ ఇంత నిశ్శబ్దంగా ఉంటారా?" అనడిగింది.

ఊ అంటే సరిపోయేది. మీ అమ్మ ఊ అనే రకమా? "లేదు మదర్. మాట్లాడితే పురుగు గూడు కట్టదు. మిగతా రోజుల్లో అరుస్తాము" అన్నాది.

"మరి హాజరు పట్టీలో ఎవరూ లేని రోజులు ఉన్నాయే, అప్పుడు ఎక్కడుంటారు?"

"తోటలో, పురుగుకు ఆకు కోస్తా ఉంటాము. బడికి రాము."

ఆడ కాపలాకు వచ్చిన మునెమ్మ నా చెయ్యి గిల్లింది. "నీ కూతురు హరిశ్చంద్రుడి మనవరాలి లాగుంది" అన్నాది. నాకు నవ్వు రాలేదు.

మదరు బల్ల మీద కూర్చున్నాది. ఒక పురుగు తల అట్లా ఇట్లా తిప్పుకుంటా, నోట్లో నుంచి దారం తీస్తా ఉంది. దాన్నే చూస్తా శానాసేపు ఉన్నాది. లేచి పెద్ద సిస్టరుతో ఒకటే మాట అన్నాది. "ఆకు కోసే వారం బడికి సెలవియ్యండి. ఆ రోజులు ఎండాకాలం సెలవుల్లో పట్టుకోండి. రెండేళ్ళు చూస్తాము."

అంతే. ఇంత చిన్న సంగతి ఆమెకు తోచింది, పుట్టినప్పటి నుంచి పురుగులు మేపే మాకు తోచలేదు. దసరాకు సెలవియ్యడం మానినా పురుగుకు ఇయ్యడం మానేది లేదు, ఆ బడి సెలవులు పురుగును అడిగి ఇచ్చేవాళ్ళు.

రెండేళ్ళు కాదు, ఇంకా శానా ఏండ్లు నడిచింది. బస్సులు ఎక్కువైనాక పిల్లోళ్ళు హోసూరు బడులకు పోయిరి, సిస్టర్లు కూడా పోయిరి. దానికి నేను ఏడవలేదు. ఏడ్చేదానికి ఏముంది, అది చెయ్యాల్సిన పని చేసింది.

మీ అమ్మ ఎనిమిది పాసైన కాగితం తెచ్చిన రోజు మా మామ దాన్ని తలకిందులుగా పట్టుకుని ఊరంతా చదివి వినిపించినాడు. తొమ్మిదో క్లాసు అంటే హోసూరే. బడి తెరిచే రోజు ఆయనే తలగుడ్డ చుట్టుకుని, పద్మను బస్సు కాడికి నడిపించుకుని పోయినాడు. కండక్టరుతో గట్టిగా, అందరూ వినేలా అన్నాడంట, "అప్పా, చదువుకున్న పిల్ల. కిటికీ పక్కన సీటియ్యి."

ఆయన మాత్రం ఎక్కలేదు. వాంతులు కదా...

నువ్వూ అట్లనే తల్లీ, యాడికి పోయినా నీకు కిటికీ పక్కనే దొరకాల. చల్లగుండు. ఆ గిన్నె ఇట్లియ్యి.