వెనక తలుపు ఫోటో

క్లీవ్‌లాండ్, జనవరి. వంటింటి బల్ల మీద స్పీకర్లో ఫోను. ఇటు లోర్నా, ఆమె భర్త వెండెల్; బ్యాంకు జప్తు చేసిన ఖాళీ ఇళ్ళని చెక్కలు కొట్టి మూయడం వాళ్ళ పని. అటు బ్యాంకు క్లెయిముల గుమస్తా మిస్ టిబ్బెట్స్.

“...మా ఆయన సంగతి మీకు తెలీదు మిస్ టిబ్బెట్స్. మనవరాలి పుట్టినరోజుకి కేకుని ఏడు ఫోటోలు తీశాడు. పిల్ల ఒక్కదాన్లోనూ లేదు. అలాంటి మనిషిని వెనక తలుపు ఫోటో ఏదంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు?”

“నేనేం చెయ్యను లోర్నా గారూ? జప్తు చేసిన ఇంటికి చెక్కలు కొట్టి మూస్తే, ప్రతి కిటికీకీ ప్రతి తలుపుకీ ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో. రూలు.”

“పదకొండు కిటికీలకీ, ముందు తలుపుకీ పంపాం కదా!”

“వెనక తలుపుకి పంపలేదు.”

“దానికి డబ్బివ్వకండి. మిగతావాటికి ఇవ్వండి.”

“ఒక్క తలుపు తెరిచున్నా ఇల్లు మూసినట్టు కాదు. మూయని ఇంటికి సెంటు కూడా రాదు.”

“మొదటిసారి ఫోటోల మీద తేదీ లేదని బిల్లు తిప్పికొట్టారు. రెండోసారి మా ఆయన బొటనవేలు అడ్డమొచ్చిందని. ఇప్పుడిది. శుక్రవారానికి వాయిదా కట్టకపోతే మా వ్యాను పట్టుకుపోతారండీ!”

“...ఉండండి, సూపర్‌వైజర్ని అడిగొస్తా. పెట్టెయ్యకండి.”

“పెట్టెయ్యను. హూఁ, ఫోన్లో మళ్ళీ అదే పాట. వెండెల్! ఇలా చూడు. వెనక తలుపు ఫోటో తీశావా, లేదా?”

“తియ్యలేదు.”

“ఎందుకు?”

“మూస్తే కదా తియ్యడానికి.”

“మూయలేదా! చెక్క చాల్లేదా?”

“చాలింది. వ్యాన్లోనే ఉంది.”

“మరి?”

“వదిలెయ్ లోర్నా.”

“వదిలేస్తే వ్యాను కూడా వదిలెయ్యాలి. చెప్పు.”

“పొయ్యి మీద సూపు మరుగుతోంది.”

“ఏ పొయ్యి?”

“ఆ ఇంట్లో పొయ్యి. మిసెస్ గేన్స్ అని, ఎనభయ్యేళ్ళుంటాయి. వెనక వంటగదిలో ఉంటోంది.”

“ఖాళీ ఇంట్లో మనిషేంటి!”

“ముందువైపు అద్దాలన్నీ పగిలిపోయాయి, చెక్కలు కొడితే చలి ఆగుతుందని తనే అంది. మేకులు అందించింది కూడా. వెనక తలుపొక్కటీ వదిలెయ్ నాయనా, చర్చికి వెళ్ళాలి అంది.”

“అందని వదిలేశావు! నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

“ఏమని చెప్పను? ఇల్లు ఖాళీ అని కాగితం మీద సంతకం పెట్టిందెవరు?”

“అదీ... ఉత్తరాల పెట్టె నిండిపోయింది. ముందు మెట్ల మీద మంచు, ఒక్క అడుగు గుర్తు కూడా లేదు.”

“ఆవిడ వెనకనుంచి తిరుగుతుంది. తలుపు కొట్టావా?”

“ఆ రోజు చలెలా ఉందో తెలుసా నీకు?”

“నేనడిగింది చలి గురించి కాదు.”

“హలో! లోర్నా గారూ, ఒప్పించాను! ఫోటో అక్కర్లేదట. ఈ కాల్ రికార్డవుతోంది. తలుపు మూసేశాం, ఇల్లు ఖాళీ అని ఒక్కమాట చెప్పండి చాలు. శుక్రవారానికి డబ్బు పడిపోతుంది.”

“ఒక్కమాటేనా...”

“మేడమ్, ఉన్నారా? ఖాళీయేగా?”

“నన్నలా చూడకు వెండెల్.”

“నేను చూడట్లేదే. వ్యాన్లోంచి నా పనిముట్లు దింపుకోడానికి వెళ్తున్నా.”

“మేడమ్?”

“రాసుకోండి మిస్ టిబ్బెట్స్. ఇల్లు ఖాళీ లేదు. అందులో మిసెస్ గేన్స్ ఉంటోంది. ఖాళీ అని రాసింది నేను. కారు కూడా దిగలేదు; హీటర్ వేసుకుని అద్దంలోంచి చూసి రాసేశాను. తప్పు నాదే.”