తలుపంత మొఖం

చండ్రుగొండ దగ్గరి తండాలో కోటేష్ గోడమీది పెద్ద టీవీనే కంప్యూటర్‌కు తగిలించుకుని ఇంటినుంచే కంపెనీ పని చేస్తాడు. పొయ్యి మీది పప్పు దించేసి, గరిటె చేతిలో ఉండగానే వచ్చి అతని ముందు నిలబడింది భార్య హేమలత.

"ఆ కళ్యాణి ఎవరు?"

"ఏ కళ్యాణి?"

"ఎంతమంది ఉన్నరేంది?"

"మా టీంల పనిచేస్తది. ఖమ్మంల ఉంటది. జల్దీ చెప్పు, మీటింగ్ ఉంది నాకు."

"మీటింగా! పొద్దుగాల చూసిన మీ మీటింగ్. ఆమె మొఖం మన తలుపంత పెట్టుకున్నవ్. మిగిలినోళ్లంత గోరంత గోరంత మూలకున్నరు. ఆమె ముక్కుపుడక రాయి గూడ కనబడ్డది నాకు, వంటింట్లకెల్లి!"

"ఎవరు మాట్లాడితే వాళ్లది పెద్దగైతది, హేమా."

"ఆమె మాట్లాడకున్నా పెద్దగనే ఉంది. నాకు కండ్లు లేవనుకున్నవా?"

"నీకు లేవంటలేను."

"టీవీ వచ్చిన కాడికెల్లి ఒక్క సీరియల్ చూడలే నేను. ‘గంత పెద్ద టీవీ తెచ్చి నీకు రిమోట్ గూడ ఇయ్యడా’ అని పక్కింటి కమ్లి వదిన ఒకటే నవ్వుడు. పాత కంప్యూటర్ తెరకేం రోగమొచ్చింది?"

"దానికేం రాలే."

"మరి?"

"పెద్దగుంటే పని సుకంగైతది. అందరు గిట్లనే పెట్టుకుంటున్నరు."

"సరసం గూడ సుకంగైతదిలే! అక్షరాలు గూడ ఎలక్షన్ల గోడరాతలంత పెట్టినవ్ గద, ఆమె రాసింది పొయ్యికాడికెల్లే చదివిన. చెప్పాల్నా?"

"ఏం... ఏం చదివినవ్?"

"‘మీ ఆవిడకు చెప్పారా? ఇంకెన్నాళ్లు దాస్తారు?’ అని. ఏందది నాకు చెప్పేది? చెప్పు!"

"మెల్లగ. అమ్మ ఇంటది."

"ఇననీ! అత్తా, ఓ చాంది అత్తా..."

"ఆగే! నీకు దండం పెడ్త."

"పోయిన మంగళారం ఖమ్మం పోయినవ్. బండి తియ్యలే, బస్సుల పోయినవ్. బండి చూస్తే ఎవలన్న గుర్తుపడ్తరనే గద?"

"కాదు."

"ఆమె వచ్చిందా?"

"మీటింగ్ టైమైతున్నది, హేమా."

"నిన్నే! వచ్చిందా?"

"అవ్. వచ్చింది."

"చెయ్యి గూడ పట్టుకున్నదా?"

"పట్టుకున్నది. రోడ్డు దాటేటప్పుడు."

"అయ్యో నా రాత! మొఖం మీదనే చెప్తున్నవ్! సంతల నేను చెయ్యి పట్టుకుంటే సిగ్గన్నవ్ గద. అసలు నన్ను చూసి ఎన్నొద్దులైంది నువ్వు? ఇయ్యాల ఏం చీర కట్టిన్నో చెప్పు. టీవీ దిక్కు కాదు, నా దిక్కు చూసే చెప్పు!"

"పచ్చది."

"పచ్చదా! ఎర్రచీర కట్టుకొని ఎదురుంగ నిలబడితే పచ్చదంటవా? ఎగతాళా?"

"ఏమో హేమా... అంత పొగ పొగ ఉన్నది."

"ఏం పొగ? పప్పు దించే వచ్చిన."

"ఇంట్ల కాదు. నా కండ్లల్ల. ఉగాది కాడికెల్లి గిట్లనే ఉన్నది. ఖమ్మం దవాఖానల కండ్లల్ల మందు చుక్కలేస్తే ఒక్కన్ని పంపియ్యరు. ఆమె వచ్చి రోడ్డు దాటిచ్చి బస్సెక్కించింది. పనిల నా తప్పులు గూడ ఆమెనే దిద్దుతున్నది. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం ఉంటదా?"

"ఓయమ్మా! ఆమెకు చెప్పినవ్... నాకు చెప్పలే?"

"ఏడుస్తవని."

"ఏడుస్త! ఎందుకేడ్వ? నీ పెండ్లాన్ని గద! చెప్పు, ఆమె మొఖమైతే మంచిగ కనబడ్తదా నీకు?"

"తలుపంత చేసుకుంటే కనబడ్తది. నీ మొఖమే... ఎంత తిప్పల పడ్డా పెద్దగ చేసుకోరాకపాయె."