కొబ్బరాకులైన చీర

1991వ సంవత్సరం ఆగస్టు పన్నెండవ తేదీన రావివలస దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో కుట్టుపని నేర్పే క్రాఫ్ట్ ఉపాధ్యాయినిగా చేరిన శ్రీమతి కమలకుమారి గారు, ఈ నెలాఖరున మన పాఠశాలలో పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సన్మాన వ్యాసం సంతోషంతో మొదలుపెట్టడం మర్యాద. ఆవిడ తోటి ఉపాధ్యాయుడినైన నా వల్ల ఆ మర్యాద కావడం లేదు, ఆవిడ కుటుంబ సభ్యులు మన్నించాలి. ఆవిడతో పాటు ఆవిడ పోస్టు కూడా వెళ్ళిపోతోంది. ఆ స్థానంలో ఇంకెవరినీ వేయరని పైనుంచి చెప్పేశారు. వచ్చే నెల నుంచి కుట్టు గదిలో విరిగిన బల్లలు పెడతారట.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో క్రాఫ్ట్ టీచరంటే, ఎవరు సెలవు పెట్టినా ఆ తరగతికి తోలడానికి పనికొచ్చే మనిషి. కమలకుమారి గారు కాదనకుండా వెళ్ళేవారు, గుడ్డల సంచీతో వెళ్ళేవారు. లెక్కల పీరియడ్‌లో చేతిరుమాలు మడిచి భిన్నాలు చెప్పి, సైన్సు పీరియడ్‌లో పువ్వు భాగాలను రంగు గుడ్డలతో అతికించి, ఆ ఉపాధ్యాయులు తిరిగొచ్చాక పిల్లలు అలాగే చెప్పమని అడిగేలా చేసి, వాళ్ళకు కొంచెం ఇబ్బంది కలిగించేవారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కవిటికి బదిలీ అయ్యాక, డయాలసిస్‌కు వెళ్ళేవారికి మంచం మీద చలి పుడుతుందని తెలుసుకుని, పిల్లల చేత తేలికపాటి బొంతలు కుట్టించి ఇంటింటికీ పంపారు. ఆవిడ భర్త గణపతిరావు గారు నాతో ఓసారి, “మా ఇంట్లో పంచె పాతబడితే సాలండి, ఏ బొంతలోకో ఎల్లిపోతాది” అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో గర్వమే ఎక్కువ వినిపించింది.

మన పాఠశాలకు ఆవిడ వచ్చిన కొద్ది రోజులకే తిత్లీ తుపాను వచ్చింది. తలలు విరిగిన కొబ్బరిచెట్లను కిటికీలోంచి చూస్తూ కూర్చున్న పిల్లల చేత, మరుసటి ఏడు ఆవిడ గోడకు వేలాడదీసే ఒక పెద్ద గోడగుడ్డ మొదలుపెట్టించారు. దాని మీద గుడ్డముక్కలు అతికి కుట్టిన సముద్రం, పడవలు, జీడితోటలు, నడుమ నిండుగా ఆకులున్న ఒక కొబ్బరిచెట్టు. కొత్త గుడ్డ కొననివ్వరు, అది ఆవిడ పద్ధతి. ప్రతి ముక్కా ఎవరి ఇంటి నుంచో రావాలి, అది ఎవరిదో తెచ్చిన పిల్ల చెప్పాలి. ఆరో తరగతిలో కొత్తగా చేరిన సాహిత్య ఆకుపచ్చ చీర తెచ్చి “మాయమ్మదండి” అంది. తల్లి కట్టి కట్టి పక్కన పెట్టేసిన పాత చీరే అనుకుని కమలకుమారి గారు కత్తెర వేశారు. ఆకులు కుట్టడం కూడా అయిపోయింది.

రెండు రోజులకు ఆ పిల్ల నాయనమ్మ బొడ్డమ్మ గారు బడికి వచ్చారు. సాహిత్య తల్లి కిడ్నీ జబ్బుతో అంతకు ముందు ఏడాదే పోయిందని, ఆమె బట్టలన్నీ కర్మ నాడు ఇచ్చేయగా మిగిలింది ఆ ఒక్క చీరేనని మాకు అప్పుడు తెలిసింది.

“మా కోడలి సీరమ్మా అది. ముక్కలు సేసినావేటి?”

కమలకుమారి గారు తన తప్పేనన్నారు. గోడగుడ్డ ఒళ్ళోకి తీసుకుని ఒక్కో కుట్టూ విప్పడం మొదలుపెట్టారు. బొడ్డమ్మ గారు కాసేపు చూసి, ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఉంచమ్మా. పెట్లో ఉంటే ఎవులు సూత్తారు? ఇక్కడైతే పిల్ల రోజూ సూత్తాది.”

ఆ గోడగుడ్డ ఇన్నాళ్ళూ కుట్టు గదిలోనే ఉంది. చిరిగిన చోట అతుకు వేస్తూ, వర్షాకాలం తరవాత ఎండలో వేస్తూ కమలకుమారి గారు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు.

పోస్టు పోతోందన్న మాట ఊళ్ళోకి వెళ్ళినట్టుంది, గత వారం బొడ్డమ్మ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కోపం లేదు.

“మా కోడలి సీర నాకిచ్చీమ్మా.”

“గోడకే ఉంటుంది కదండీ బొడ్డమ్మ గారూ, మేం చూసుకుంటాం” అని నేను కల్పించుకున్నాను.

“నాను గోడకిచ్చినానా బాబూ? ఈ తల్లికిచ్చినాను. ఆవిడ ఎల్లిపోతంటే ఇంకెవులున్నారు?”

కమలకుమారి గారు కిటికీ దగ్గర కూర్చుని ఆకులన్నీ విప్పారు, ఇస్త్రీ చేసి మడత పెట్టి ఆ పెద్దావిడ చేతిలో పెట్టారు. గోడ మీద ఇప్పుడు తల లేని కొబ్బరిమాను ఉంది. వేరే గుడ్డతో ఆకులు కుట్టేయండి మేడం, చూడలేకపోతున్నాం అని పిల్లలు బతిమాలారు. “ఎవరైనా ఇంటి నుంచి తెస్తారు. అప్పుడు కుట్టేవాళ్ళు కుడతారు” అని, సూదిలో ఆకుపచ్చ దారం ఎక్కించి ఆ మాను చివర గుచ్చి వదిలేశారు.

ఆ కుట్టేవాళ్ళను మేము ఆవిడకు చూపించలేకపోయాం. ఈ సన్మానంలో మేము కప్పే శాలువా ఆ లోటు తీర్చదని నాకు తెలుసు. కమలకుమారి గారు గణపతిరావు గారితో కలిసి, వందేళ్ళ వయసులో కూడా ఒకరి సాయం లేకుండా సూదిలో దారం ఎక్కించుకోగల చూపుతో, వణకని వేళ్ళతో, సంపూర్ణ ఆరోగ్యంతో జీవించాలని ఆకాంక్షిస్తున్నాను. గోడ మీది ఆ సూదిని మేమెవరం ముట్టుకోలేదు. ఇంకో చెయ్యి దాన్ని అందుకునే రోజున, కుట్టు సరిగా పడిందో లేదో చూడడానికి ఆవిడ మళ్ళీ ఆ కుట్టు గదికి రావాలి, అంత కాలం ఉండాలి.