పసుపు గీతకు ఒక అడుగు వెనక్కి

హలో… ఆఁ, నేనేలే తాతయ్యా, కొతొనెని. నా ఫోను ఇంకెవరెత్తుతారు?

…లేదు, ఇంకా అవ్వలేదు. పదకొండింటికి చెయ్యమన్నాను, నిజమే. కానీ ఇప్పుడు కాదు, తర్వాత—

ఏడవట్లేదు. జలుబు.

జలుబే అంటున్నాగా!

…సరే, చెప్తా. ఆగిపోయింది. రోబో చెయ్యి. పరీక్ష మధ్యలో, కురోగి మాస్టారి కళ్ల ముందే! జున్నులా మెత్తటి రెండో టోఫు ముక్కని గాల్లోకి లేపి, అలాగే కొయ్యబారిపోయింది.

పడలేదు. ఇంకా పట్టుకునే ఉంది, నీళ్లోడుతూ. దాన్ని చూస్తుంటేనే ఒళ్లు మండిపోతోంది.

…ఎనిమిది ముక్కలు. తొట్టిలోంచి తీసి పెట్టెలో సర్దాలి, ఒక్కటి కూడా చితక్కూడదు. ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎంత మెల్లగా దించాలో, నెల రోజులు కూర్చుని నేర్పాను దానికి. నిన్న ఇరవైసార్లు చేయిస్తే ఇరవైసార్లూ బుద్ధిగా చేసింది. ఇవాళే వచ్చింది మాయరోగం!

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. పావుగంట టైమిచ్చి మాస్టారు కాఫీకి వెళ్లారు. కారణం నువ్వే వెతుక్కో అన్నారు, అదీ పరీక్షలో భాగమేనట. ఈసారి కూడా ఆగిందంటే… వచ్చే ఏడాది చిన్నపిల్లల పక్కన కూర్చుని మళ్లీ ఇదే క్లాసు. ఫ్యాక్టరీ శిక్షణకి నా పేరు కొట్టేస్తారు.

…తెర మీదా? 'భద్రత కోసం ఆగాను' అంటోంది. ఎందుకాగావే తల్లీ అంటే చెప్పదు. అచ్చం నాయనమ్మ అలిగినట్టు.

ప్రోగ్రాంలోనే ఏదో ఉంది. మొదటి నుంచీ మార్చేయబోతున్నాం. ఇంకా పది నిమిషాలే ఉంది, పెట్టెయ్యనా?

పెట్టెయ్యొద్దా? తాతయ్యా, నువ్వు రైల్వేలో నలభై ఏళ్లు చేశావు, కాదనను. కానీ ఇది రైలు కాదు!

…నిన్నటికీ ఇవాళ్టికీ తేడానా? ఏమీ లేదు. అదే యంత్రం, అదే ప్రోగ్రాం, అదే కొట్టు టోఫు.

నేనా? నేనూ అదే మనిషిని.

…మీ రైల్వేవాళ్లలా ప్రతిదానికీ వేలు చూపించి పైకి చెప్పానా అనా? చెప్పాను తాతయ్యా! దానికీ మార్కులున్నాయి. 'ఆపే మీట — సరే! తలుపు — సరే!' ముక్క పెట్టెలో దిగాక, చితకలేదని చూసుకుని 'ఒకటి — సరే!' అన్నీ అన్నాను.

నిన్నా? …నిన్న నా జోడీ నావోయా, నేనూ తప్ప ల్యాబులో ఎవరున్నారని? వేలెత్తకుండా నోట్లో గొణుక్కున్నాం.

అరవకు. అందరూ అంతే చేస్తారు. ఇవాళ మాత్రం నీ పరువు తియ్యలేదులే. నువ్వు ప్లాట్‌ఫారం మీద చేసేవాడివే, అచ్చం అలాగే. ఇదిగో, ఇలా యంత్రం ముందున్న పసుపు గీత మీద నిలబడి, చెయ్యి బారచాపి, 'ఒకటి — స…'

…

ఆగు.

ఆగాగు, మాట్లాడకు.

ఎర్ర దీపం వెలిగింది.

చెయ్యి తీశాను… పచ్చ. చాపాను… ఎరుపు. తీశాను… పచ్చ.

తాతయ్యోయ్!

వెలుగు తెర! అంటే… గీత అవతల రెండు స్తంభాలుంటాయి, వాటి మధ్య కంటికి కనపడని వెలుగు. వేలు అడ్డం వచ్చినా చాలు, మనిషికి దెబ్బ తగలకుండా యంత్రం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, మళ్లీ మొదలుపెట్టేదాకా కదలదు. దానికి ఏ రోగమూ లేదు తాతయ్యా. 'సరే' అని అరుస్తూ నేనే ఆపేశాను!

నవ్వకు.

నవ్వకన్నానా! …నాయనమ్మకి తర్వాత చెప్పుకో.

ఒరేయ్ నావోయా! ప్రోగ్రాం ముట్టుకోకు! ఏం మార్చావ్? …ఇంకా మొదలే పెట్టలేదా? నీ బద్ధకానికో దణ్ణం రా. ఆ వేలాడే ముక్క తీసేసి, కొత్తవి ఎనిమిది తొట్టిలో వెయ్యి.

…ఆఁ, ఉన్నా. కానీ ఇప్పుడెలా? చూపించకపోతే మార్కులు పోతాయి, చూపిస్తే యంత్రం ఆగుతుంది.

…

అడుగు వెనక్కా?

అంతేనా!

…గీత మీద ఎందుకు నిలబడ్డానంటే, మాస్టారికి బాగా కనపడాలని.

నువ్వూనా? ఎప్పుడు? …చేరిన వారానికేనా! ఎవరి టోపీ? స్టేషన్ మాస్టారిదా! నీ వేలు తగిలి పట్టాల మీద పడిందా!

మరి నలభై ఏళ్లలో ఒక్క తప్పూ లేదని నా చిన్నప్పటి నుంచీ ఊదరగొట్టావే! …టోపీ లెక్కలోకి రాదా? బాగుంది వరస.

తాతయ్యా… నువ్వు ఫోన్ చెయ్యకపోతే బంగారంలాంటి ప్రోగ్రాంని చేజేతులా పాడుచేసుకునేదాన్ని. నువ్వంటే నాకు భలే ఇష్టం. …సిగ్గుపడకు, చెప్పాలనిపించింది, చెప్పాను.

మాస్టారు వచ్చేస్తున్నారు. …నువ్వూ వింటావా? ఉండు, అడుగుతా.

మాస్టారూ, కారణం దొరికిందండి. నా వేలే. మా తాతయ్య గుచ్చిగుచ్చి అడిగితే బయటపడింది… అవునండి, ఇంకా లైన్లోనే ఉన్నాడు. వింటానంటున్నాడు, ఫోను స్పీకర్లో బల్ల మీద పెట్టొచ్చా? …థాంక్సండి!

తాతయ్యా, సరేనన్నారు. పెడుతున్నా. నోరు మాత్రం మెదపకు.

…

ఆపే మీట — సరే!

తలుపు — సరే!

లోపల మనుషులు లేరు — సరే!

ఒక అడుగు వెనక్కి — సరే!

మొదలు!

…

ఒకటి — సరే!

రెండు… రా తల్లీ, రా, మెల్లగా… రెండు — సరే!

మూడు — సరే! నాలుగు — సరే!

తాతయ్యా, నువ్వు అరవకు, ల్యాబంతా వినపడుతోంది! …ఐదు — సరే!

ఆరు — సరే!

ఏడు…

ఏడు — సరే!

…

ఎనిమిది — సరే!

తాతయ్యా! విన్నావా? ఒక్కటీ చితకలేదు! మాస్టారు నవ్వుతున్నారు! ఈ ఎనిమిదీ నీకే, నాలుగింటి బండికి కొకురా స్టేషన్ నుంచి మీ ఇంటికి బయల్దేరి… తాతయ్యా? ఏంటా చప్పుడు?

…నాయనమ్మా? నువ్వు తీశావేం? తాతయ్యేడి?

…లేచి నిలబడ్డాడా? నాతోపాటే వేలు చూపిస్తూనా? ఎనిమిదో దానికి… నీ టీ కూజానా! పగిలిందా?

అలగకు నాయనమ్మా, కొత్తది నేను తెస్తాగా. ఒక్కసారి ఫోను తాతయ్యకివ్వు.

…తాతయ్యా, ఎక్కడ నిలబడ్డావు?

బల్లకి ఆనుకునా?

అడుగు వెనక్కి తాతయ్యా, అడుగు వెనక్కి! …సరే, ఉంటా.