లాయరు పోయిన పొద్దున

పక్షుల డాక్టరమ్మ గదిలో బల్ల మీద చెప్పుల అట్టపెట్టె ఉంది. ఆవిడ దాని మూత తీసి, లోపల చచ్చిపడున్న పిట్టని చూసి మళ్ళీ మూసేసింది. పెట్టె తెచ్చిన తండ్రి ఎదురుగా ఉన్నాడు, కూతురు బయట బెంచీ మీద.

"పెనం అన్నారా?"

"పెనమే. గుడ్డు అంటుకోకుండా నల్లటి పూత ఉంటుందే, అది."

"పొగ బాగా వచ్చిందా?"

"పెద్దగా రాలేదండీ. ఏదో వాసన. నాకైతే తుమ్ము కూడా రాలేదు."

"మనకి రాదు. ఉత్త పెనం బాగా కాలితే ఆ పూతలోంచి వచ్చే గాలి చాలు, ఈ బుల్లి ప్రాణం తట్టుకోలేదు. పంజరం ఎక్కడుంటుంది?"

"వంటింటి గుమ్మం పక్కన. ఎవరైనా పొయ్యి దగ్గరుంటే లాయరు హుషారుగా వాగుతాడని..."

"లాయరు?"

"వాడి పేరు. తెల్లారితే వాదనే. గుమస్తా అని ఇంకోటుంది, అది నోరెత్తదు. రెండూ కొట్టుకుంటున్నాయని దాన్ని మా అమ్మాయి గదిలో పెట్టాం. తలుపేసి."

"అందుకే బతికింది."

"అవునా. మంచిది. ఈ పెట్టె మేం తీసుకెళ్లిపోవచ్చా?"

"తీసుకెళ్లండి."

"చెప్పుల పెట్టె. చేతికి అదే దొరికింది."

"కూర్చోండి సార్."

"కూర్చునే ఉన్నాను కదా."

"నిలబడి ఉన్నారు."

"ఓ."

"పెనం పొయ్యి మీద ఎవరు వదిలేశారు?"

"అదే... డాక్టరు గారూ, మీరొక సాయం చెయ్యాలి. మా అమ్మాయికి పెనం సంగతి చెప్పకండి. జబ్బనండి. గుండె ఆగిందనండి. పక్షులకి ఆగుతుంది కదా?"

"ఆగుతుంది. ఎందుకు?"

"పదకొండేళ్లు. వాళ్లమ్మ పనిమీద ఊరెళ్లింది. ఈ పొద్దున మొదటిసారి తనే ఆమ్లెట్ వేసింది. నాకోసం."

"తిన్నారా?"

"తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. బావుంది. తినేసి గడ్డం గీసుకోడానికి వెళ్లాను. వచ్చేసరికి పెనం మాడిపోతోంది, వీడు పంజరం అడుగున. నేను తననేమీ అడగలేదు. తనూ ఏమీ అనలేదు."

"దాచితే ఎలా సార్? గుమస్తా ఉంది కదా. రేపు మళ్ళీ అదే పెనం పెడితే?"

"పారేస్తాను. ఇంటికెళ్లగానే."

"గదిలో కొట్టే సెంట్లు, దోమల మందు పొగ, అవి కూడా..."

"అన్నీ పారేస్తాను. గుమస్తాని కూడా. ఛ, దాన్నెందుకు పారేస్తాను. ఏం మాట్లాడుతున్నానో తెలీట్లేదు."

"ఎప్పుడో తనే చదివి తెలుసుకుంటుంది."

"అప్పటికి పెద్దదవుతుంది కదండీ. ఇప్పుడొద్దు. రెక్కలు రాకముందు నుంచి వేలితో తినిపించి పెంచింది వాణ్ణి. తన చేత్తోనే పోయాడని తెలిస్తే ఎలా మోస్తుంది? నేనే మొయ్యలేను."

"నేను అబద్ధం చెప్పను. అడక్కపోతే నిజం కూడా చెప్పను. అంతవరకే."

"చాలు. అదే పదివేలు."

"గుమస్తాని తెచ్చారా?"

"కార్లో ఉంది. అద్దం దించే వచ్చాను."

"తీసుకురండి, దాని ఊపిరి కూడా చూద్దాం. అమ్మాయిని లోపలికి పంపండి."

తండ్రి వెళ్లాడు. కూతురు వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"నీళ్లు తాగుతావామ్మా?"

"వద్దు. పెనం వల్లే కదా డాక్టరాంటీ?"

"ఎవరు చెప్పారు?"

"బయట గోడ మీద అట్ట ఉంది కదా, పక్షులున్న ఇంట్లో జాగ్రత్తలని. మొదటి బొమ్మే పెనం."

"ఆ అట్ట నేనే తగిలించాను."

"నాన్న జబ్బని చెప్పమన్నాడా?"

"విన్నావా?"

"లేదు. నాన్నంతే. చేప చచ్చిపోతే ఊరెళ్లిందన్నాడు."

"చూడు తల్లీ, మొదటిసారి వంట చేసినవాళ్లు పొయ్యి ఆపడం మర్చిపోతారు. పెద్దవాళ్లూ మర్చిపోతారు. అందులో..."

"నేను ఆపేశాను."

"ఆపేశావా?"

"ఆపేశా. పెనం కడిగేశా కూడా. ఆరుతుందని మళ్ళీ పొయ్యి మీదే, కుడివైపు పెట్టా. మాది కరెంటు పొయ్యి ఆంటీ, మంట కనబడదు."

"మరి ఎలా కాలింది?"

"నాన్న టీకి నీళ్లు పెట్టుకుని గడ్డానికి వెళ్లాడు. గిన్నె ఎడమవైపు పెట్టాడు, మీట కుడివైపుది తిప్పాడు."

"నువ్వు చూశావా?"

"చూళ్లేదు. ఆయనకి చెప్పకండి. నేనే అనుకోనివ్వండి, పర్లేదు."

"చూడకుండా నాన్నే అని ఎలా అంటున్నావమ్మా?"

"పెనం మాడిపోయింది కదా, గిన్నెలో నీళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి. నాన్న లాయర్ని చేతిలో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఇటు చూడట్లేదు. ఆయనకి తెలీకూడదని అప్పుడే ఆ నీళ్లు పారబోసేశాను."